మౌలాలి గుట్టే మొదటి పాఠం

ప్రశ్న: మా బడిలో 6 నుంచి 9 తరగతులకు పర్యావరణ విద్య ప్రణాళిక రాయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, మౌలాలి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు పుస్తకం పక్కన పెట్టి మీ గుట్టను చూడండి. ఆ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆరో తరగతి అక్కడే మొదలవ్వాలి. బండ మీంచి జారిన వాననీరు ఎటు పోతోంది, ఏ గల్లీలో నిలుస్తోంది? పటం పిల్లలే గీయాలి. ఏడులో వారం పాటు ఇంటి చెత్తను తడి, పొడిగా వేరుచేసి తూకం వేయించండి. ఎనిమిదిలో బోరు లోతు, ట్యాంకర్ ఖర్చు ఇంటింటా అడిగించండి. లెక్కల మాస్టారిని కలుపుకోండి.

అసలు కష్టం తొమ్మిదిలో. పక్కనే పారిశ్రామికవాడ, రైల్వే షెడ్డు. అవి ఎన్నో ఇళ్లకు అన్నం పెడుతున్నాయి. గాలి మీద, నీటి మీద వాటి భారమూ ఉంటుంది. రెండింటినీ పిల్లలు ఒకే కాగితం మీద రాసి వాదించుకోవాలి. సుస్థిరాభివృద్ధి అంటే ఆ లెక్కే. ఫ్యాక్టరీని దోషిగా నిలబెట్టి ముగించే పాఠం నాకు నచ్చదు.

న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు బడుల్లో పర్యావరణ విద్య తప్పనిసరిగా ఉండాలని 1991లోనే ఆదేశించింది. చాలాచోట్ల అది మొక్కతో దిగే ఫొటోగా మిగలడం బాధాకరం. రాతపరీక్ష వద్దు, పిల్లల నోటుబుక్కులకే మార్కులివ్వండి. ఈ తొలకరి వాన వెలిశాక వాళ్లను గుట్ట కిందికి తీసుకెళ్లండి.