జానాబెత్తెడు జాగా వెల ఎంత?

రైలులో తరగతులుంటాయని మనకు చిన్నప్పుడే తెలుస్తుంది. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ పెట్టె ఉంటుంది, స్లీపర్ ఉంటుంది, ఏసీ పెట్టెలుంటాయి. అన్నిటినీ లాగేది ఒకే ఇంజను, అన్నీ చేరేది ఒకే స్టేషనుకు. అయినా పై తరగతికి ఎక్కువ డబ్బు ఎందుకని ఎవరూ అడగరు. ఒక పగలూ ఒక రాత్రీ గడపాలి కదా! కాళ్ళు చాపుకుని పడుకోవడానికీ, తలుపు పక్కన సంచి మీద కూర్చోవడానికీ చాలా తేడా ఉంది.

అదే ఢిల్లీకి విమానంలో రెండుంబావు గంటల ప్రయాణం. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు, ఢిల్లీ నుంచి తిరువనంతపురం వెళ్ళినా మూడు గంటల పైచిలుకే. ఇంత కొద్దిసేపటికి కూడా విమానంలో ముందు భాగాన ఒక తెర వేలాడుతుంది. తెరకు అవతల బిజినెస్ క్లాస్, ఇవతల ఎకానమీ. ఈమధ్య కొన్ని విమానాల్లో రెంటికీ నడుమ ప్రీమియం ఎకానమీ అని ఇంకొకటి వచ్చింది. తెరకు అవతల అమ్మే వస్తువు అసలేమిటి? ఈ ప్రశ్నతో మా పదకొండో తరగతి అర్థశాస్త్రం పీరియడ్లు నాలుగు గడిచాయి. మాకు తేలినదేమిటో ఇక్కడ రాస్తున్నాం.

ముందు కొలతలు చూద్దాం. మన దేశంలో ఎక్కువగా ఎగిరే రకాల్లో ఎయిర్‌బస్ ఏ320 నియో ఒకటి. ఎయిర్ ఇండియా మూడు తరగతులతో నడిపే ఈ రకం విమానంలో 164 సీట్లు ఉంటాయి: బిజినెస్ 8, ప్రీమియం ఎకానమీ 24, ఎకానమీ 132. ఒక సీటు వీపు నుంచి ముందు సీటు వీపు దాకా ఉండే దూరాన్ని పిచ్ అంటారు. బిజినెస్‌లో అది 40 అంగుళాలు, ప్రీమియం ఎకానమీలో 32, ఎకానమీలో 28 లేదా 29. బిజినెస్‌లో నడవకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కూర్చుంటారు. మిగిలిన రెండు తరగతుల్లోనూ అటు ముగ్గురు, ఇటు ముగ్గురు.

ఈ అంకెలు కాగితం మీద ఉన్నంతసేపూ మాకు ఏమీ అనిపించలేదు. వరండాలో సుద్దముక్కతో గీతలు గీసి, వాటి మీద కుర్చీలు వేశాక తెలిసింది. 28 అంగుళాల్లో మా తరగతిలో అందరికన్నా పొడుగైన అబ్బాయి మోకాళ్ళు ముందు కుర్చీకి ఆనుకున్నాయి. 32కు జరిపితే మోకాళ్ళకూ కుర్చీకీ మధ్య అరచెయ్యి పట్టింది. 40కి జరిపితే వాడు కాలు మీద కాలు వేసుకుని, టీ తెమ్మని ఆర్డరు వేశాడు. అందరికన్నా పొట్టి అమ్మాయి మాత్రం 28 అంగుళాల్లోనే హాయిగా ఉందని, మిగతాది తనకెందుకని అడిగింది. ఆ మాట గుర్తుంచుకోండి.

మన పాత కొలతల్లో నాలుగు వేళ్ళ వెడల్పును బెత్తెడు అంటారు, సుమారు మూడు అంగుళాలు. చాచిన బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా జానెడు, సుమారు తొమ్మిది అంగుళాలు. అంటే ఎకానమీ నుంచి ప్రీమియం ఎకానమీకి వెళితే మన మోకాళ్ళ ముందు పెరిగేది బెత్తెడు, మరీ అయితే ఒక వేలు ఎక్కువ. బిజినెస్‌కు వెళితే పెరిగేది సరిగ్గా జానాబెత్తెడు.

పక్కకు కూడా జాగా పెరుగుతుంది కాబట్టి ఒక్కొక్కరి వాటా లెక్క కట్టాలి. విమానం లోపలి వెడల్పు అన్ని తరగతులకూ ఒకటే కనుక దాన్ని కొట్టివేయవచ్చు. పిచ్‌ను వరుసలోని సీట్ల సంఖ్యతో భాగిస్తే చాలు. బిజినెస్: 40ని 4తో భాగిస్తే 10. ప్రీమియం ఎకానమీ: 32ను 6తో భాగిస్తే 5.33. ఎకానమీ: 28ని 6తో భాగిస్తే 4.67. ఎకానమీ వాటాను ఒకటి అనుకుంటే ప్రీమియం ఎకానమీది 1.14, బిజినెస్‌ది 2.14. ఎకానమీ టికెట్టు 6,000 రూపాయలు అనుకుంటే, జాగా ప్రకారం ప్రీమియం ఎకానమీ 6,857, బిజినెస్ 12,857 ఉండాలి. విమానం కాల్చే ఇంధనాన్నీ, వదిలే పొగనూ ప్రయాణికులకు ఈ లెక్కనే పంచితే, ముందు కూర్చున్నవారి పద్దులో రెండింతలు పడుతుంది.

అయితే బిజినెస్ టికెట్టు తరచుగా ఎకానమీకి మూడు నాలుగు రెట్లు పలుకుతుంది. దాని మీద పన్నూ ఎక్కువే. ఎకానమీకి జీఎస్టీ 5 శాతం. బిజినెస్ క్లాస్‌కు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం అయింది. 6,000 టికెట్టుకు పన్ను 300 అయితే 20,000 టికెట్టుకు 3,600.

జాగాకు మించి చెల్లించే ఆ డబ్బు దేనికి? భోజనం, ఎక్కువ సామాను తీసుకెళ్ళే వీలు, ముందుగా ఎక్కడం, విమానాశ్రయంలో లాంజ్, తేదీ మార్చుకునే సౌకర్యం. వీటిలో చివరిది నిజంగా విలువైనదని మా అభిప్రాయం. పనిమీద తిరిగేవారికి సమావేశం ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. ముందుగా ఎక్కడం మాత్రం మాకు అర్థం కాలేదు. ముందు ఎక్కినవాడు చేసేది అందరికోసం ఎదురుచూడటమే కదా!

డబ్బుతో మారనివి కూడా ఉన్నాయి. విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలి పీడనం మామూలుగా 8,000 అడుగుల ఎత్తును మించిన కొండ మీదిలా ఉండనివ్వరు. ఊటీ కన్నా కాస్త ఎత్తు అనుకోండి. తెరకు ఈ పక్కనైనా ఆ పక్కనైనా అదే పీడనం, అదే పొడి గాలి. ఆపదలో పైనుంచి వేలాడే ఆక్సిజన్ మాస్కు కూడా అందరికీ ఒకటే. కొత్త రకం విమానానికి అనుమతి ఇచ్చే ముందు, సగం తలుపులు మూసి ఉన్నా అందరూ 90 సెకన్లలో బయటపడగలరని నిరూపించాలి. ఆ 90 సెకన్ల లెక్కలో తరగతులు లేవు.

ఇక మన ఇళ్ళకు సంబంధించిన విషయానికి వద్దాం. కేంద్రీయ విద్యాలయంలో మనలో చాలామంది తల్లిదండ్రులు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులే. పనిమీద వెళ్ళేటప్పుడు ఎవరు ఏ తరగతిలో వెళ్ళాలో వారి పే లెవెల్‌ను బట్టి ఉంటుంది. ఏడవ వేతన సంఘం తరువాత 2017లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం లెవెల్ 14, ఆపైవారికి బిజినెస్ క్లాస్. 6 నుంచి 13 వరకు ఎకానమీ. 5, అంతకన్నా కిందివారికి విమానం లేదు, రైలులో ఏసీ త్రీ టయర్ లేదా చైర్ కార్ వంటివే. ఈ పట్టికను నల్లబల్ల మీద రాసినప్పుడు తరగతి కాసేపు నిశ్శబ్దమైంది. ఒకే బల్ల మీద కూర్చునే ఇద్దరి తండ్రులు ఆ పట్టికలో రెండు కొసల్లో ఉన్నారు. కింది కొసలో ఉన్న తండ్రి కూతురు లేచి, "మా నాన్న ఆరడుగులు. జానాబెత్తెడు కావలసింది ఆయనకే" అంది. అందరూ నవ్వారు గానీ, ఎవరూ బదులు చెప్పలేదు.

తరువాత వాదన జరిగింది. పెద్ద అధికారి విమానంలోనే ఫైళ్ళు చదువుకుని, దిగీ దిగగానే సమావేశానికి వెళ్ళాలి కదా అని ఒకరు. రెండు గంటల్లో ఎన్ని ఫైళ్ళు చదువుతారని ఇంకొకరు. రాత్రంతా ఎగిరే విదేశీ ప్రయాణానికి మొదటి వాదన సరైనదే అనిపించింది. దేశం లోపలి ప్రయాణానికి అంత బలంగా నిలవదని మాలో ఎక్కువమంది తేల్చారు. ఎవరి శరీరానికి ఎంత జాగా కావాలన్నది ఈ పట్టికలోనూ లేదు, టికెట్ల ధరల్లోనూ లేదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మల సంగతి చూడండి. ఎకానమీలోనే అత్యవసర ద్వారం పక్క వరుసలో జాగా ఎక్కువ, కొద్దిపాటి అదనపు రుసుముతో దొరుకుతుంది. పొడుగైనవారికి ఇంతకన్నా మంచి బేరం లేదు. కాని ఆపదలో ఆ తలుపు తీయగలిగినవారినే అక్కడ కూర్చోనిస్తారు. అమ్మమ్మకు ఆ సీటు ఇవ్వరు.

విమానాల్లో ఈ తెర ఎప్పుడూ ఉందా? 1940లలో బేగంపేట నుంచి ఎగిరిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు పాతిక ముప్పై మంది పట్టే చిన్న విమానాలు. 1953లో అలాంటి ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పాటు చేశారు. 2003లో ఎయిర్ డెక్కన్, 2006లో ఇండిగో ఒకే తరగతితో, తక్కువ ధరతో వచ్చాయి. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదలైన తొలి విమానాల్లో కడప–హైదరాబాదు ఒకటి. ఆ పథకం మొదలైనప్పుడు సుమారు గంట ప్రయాణానికి కొన్ని సీట్లను 2,500 రూపాయలకు మించకుండా అమ్మాలన్నది నియమం. కడప విమానంలో తెర లేదు. మరోపక్క 2015లో విస్తారా ప్రీమియం ఎకానమీ తెచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఒకే తరగతితో గడిపిన ఇండిగో కూడా 2024 నవంబరులో ఢిల్లీ–ముంబై మధ్య స్ట్రెచ్ పేరుతో పై తరగతి మొదలుపెట్టింది.

విమాన సంస్థకు ఇందులో లాభం ఖాయమా? 164 సీట్ల విమానంలో బిజినెస్ రెండు వరుసలు, ప్రీమియం ఎకానమీ నాలుగు వరుసలు. మొత్తం 208 అంగుళాల పొడవు, 32 మంది. అదే పొడవులో 28 అంగుళాల వరుసలు వేస్తే ఏడు పడతాయి, అంటే 42 మంది. ఒక్కొక్కరు 6,000 ఇస్తే 2,52,000 రూపాయలు. పై తరగతులు ఇంతకన్నా ఎక్కువ తేవాలి. బిజినెస్‌లో నాలుగే సీట్లు 20,000 చొప్పున, ప్రీమియం ఎకానమీలో పదే సీట్లు 9,000 చొప్పున అమ్ముడయ్యాయనుకోండి. వచ్చేది 1,70,000. ఎకానమీ సీట్లయినా అన్నీ నిండుతాయన్న హామీ లేదనుకోండి, అది వేరే లెక్క. బయలుదేరే రోజు దగ్గరపడ్డాక పై తరగతికి మారతారా అని ప్రయాణికులను తక్కువ ధరకు పిలిచేది ఇందుకే. ఖాళీ సీటు ఎగిరిపోయాక దాన్ని మళ్ళీ అమ్మలేరు.

ఇదే పద్ధతిలో మీరూ కొలవవచ్చు. కావలసింది టేపు, సుద్దముక్క, రెండు కుర్చీలు. మా బడి బస్సులో వెనక వరుసల పిచ్ ముందు వరుసల కన్నా తక్కువని చాలాకాలంగా అనుమానం. వచ్చే శనివారం కొలుస్తున్నాం.