మొహెంజొదారో నీటి ఏర్పాటులు - పూర్తధర్మము

ధర్మశాస్త్రములు గృహస్థునకు ఇష్టము, పూర్తము అని రెండు విధములైన కర్మలను విధించినవి. యజ్ఞయాగాదులు ఇష్టము. బావులు, చెరువులు త్రవ్వించుట, తోటలు వేయించుట, ఆలయములు కట్టించుట, అన్నము పెట్టుట పూర్తము. ఈ రెండవదానిని తలచినప్పుడెల్ల నాకు సింధునదీ తీరమందలి మొహెంజొదారో నగరము స్ఫురించును.

ఇప్పుడది పాకిస్తానులోని సింధు రాష్ట్రమున నున్నది. 1922లో రాఖాల్‌దాస్ బెనర్జీ అచట త్రవ్వకములు మొదలుపెట్టిరి. నగరము సుమారు క్రీస్తు పూర్వము 2500 మొదలు 1900 వరకు వర్ధిల్లినది.

అచటి మహాస్నానవాటిక చిత్రమును పాఠకులు చూచియే యుందురు. పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు 7, లోతు 2.4. ఉత్తర దక్షిణములందు మెట్లు కలవు. నీరు ఇంకిపోకుండ ఇటుకల సందులను జిప్సము గచ్చుతో పూడ్చి, గోడ వెనుక తారు పూసిరి. నేను అనేక సంవత్సరములు పురాణ ప్రసంగములలో దీనిని మన ఆలయ పుష్కరిణులకు మూలమని నిశ్చయముగా చెప్పుచు వచ్చితిని. అది నా తొందరపాటు. ఆ నగరపు లిపిని సర్వసమ్మతముగా ఎవ్వరును ఇంకను చదువలేదు. దేవాలయమని నిర్ధారింపదగిన కట్టడమును అచట దొరకలేదు. ఆ నీట మునిగినవారు ఏ సంకల్పము చెప్పుకొనిరో, అసలు చెప్పుకొనిరో లేదో, మన కాధారము లేదు. ప్రమాణము లేని మాటను వేదికపై పలుకుట పండితునకు తగదు. విన్నవారు క్షమింతురు గాక.

ప్రమాణమున్న విషయము వేరొకటి కలదు. అది మురుగు కాలువ!

ఆ నగరమున చాల ఇండ్లలో స్నానపు గది యుండెను. నేలను ఒక వైపునకు వాలుగా ఇటుకలతో పరచిరి. వాడిన నీరు గోడలోని తూము గుండ వీధి కాలువకు చేరెడిది. కాలువపై ఇటుకలో, రాతి పలకలో మూతగా నుండెను. అక్కడక్కడ గుంటలు కట్టి, బురద వానిలో దిగునట్లు చేసిరి. గుంట నిండినపుడు ఎవరో ఒకరు మూత ఎత్తి తీయవలసినదే. ఆ పని చేసినవారి పేరు గాని, చేయించినవారి పేరు గాని మనకు తెలియదు. బావుల విషయమునను ఇట్టి శ్రద్ధయే. ఒక వైపు సన్నగిల్లిన ఇటుకలను ప్రత్యేకముగా కాల్చి వలయముగా పేర్చిరి. మన్ను ఎంత ఒత్తిన ఆ ఇటుకలు ఒకదాని నొకటి బిగించుకొనునే గాని లోనికి కూలవు. త్రవ్వకములలో చుట్టునున్న మన్ను తీసివేయగా, ఆ బావులు నేడు గోపురములవలె పైకి నిలిచియున్నవి.

మన క్షేత్రములందు మండపమునకు, వెండి తలుపులకు దాతలు ముందుకు వత్తురు, సంతోషమే. స్నానఘట్టపు మురుగు కాలువకు విరాళ మిత్తునని వచ్చిన దాతను మాత్రము నా డెబ్బది యేండ్ల జీవితమున చూడలేదు. కోనేటిలో సబ్బు రుద్దుకొని, విడిచిన బట్టలను అచటనే వదలిపోవు యాత్రికులను మాత్రము ప్రతి పర్వదినమున చూచుచున్నాను.

మహాస్నానవాటికలోని వాడిన నీటిని వెలికి పంపుటకు కట్టిన కాలువ మనుష్యుడు నిలువుగా నడువగలిగినంత ఎత్తైనది. ఇటుకలను వరుస వరుసకు ముందునకు జరిపి దానికి కప్పు వేసిరి. స్నానమునకు వచ్చినవారి కంట అది పడెడిది కాదు.