రెండు తూనికరాళ్లు

పఠనము: సామెతలు 20:10, 23



సంతలో వర్తకుడు కొనునప్పుడు ఒక రాయి, అమ్మునప్పుడు ఇంకొక రాయి వాడినయెడల వానిని మోసగాడందుము. పై వచనములు అట్టి రాళ్లను గూర్చియే హెచ్చరించుచున్నవి. అయితే ధాన్యము తూచువారు మాత్రమే ఇట్లు చేయుదురా? ఈ మాసము కార్లను గూర్చిన వాదములలో ఈ సంగతిని పరిశీలింతము.

1. వాదము ఎట్లు జరుగును?

మన యౌవనస్థులలో కార్లయందు మక్కువ గలవారు అనేకులు. తాము మెచ్చిన కంపెనీ కారు దారిలో ఆగిపోయినచో, "డ్రైవరుకు చేతగాదు, ఆయిలు సమయానికి మార్చలేదు" అందురు. ఎదుటి కంపెనీ కారు ఆగినచో, "ఆ కంపెనీయే అంత" అందురు. తప్పు ఒకటే, తీర్పులు రెండు. డబ్బు పెట్టి కొన్నవాడు, బండి తప్పును ఒప్పుకొనినయెడల తన తెలివికే మచ్చ వచ్చునని భయపడును. మూలము అక్కడనే యున్నది.

2. ఒక దృష్టాంతము

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ, మన దేశమున అమ్ముడగుచున్న 5 చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగముతో అడ్డునకు గుద్దించిన ఫలితములు ప్రకటించెను. అవి మారుతి ఆల్టో 800, టాటా నానో, హ్యుందాయ్ ఐ10, ఫోర్డ్ ఫిగో, ఫోక్స్‌వేగన్ పోలో. ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటికిని పెద్దల రక్షణలో వచ్చినది సున్న. స్వదేశపు పేరు, విదేశపు పేరు అను భేదము లేకపోయెను. ఎయిర్‌బ్యాగులు గల పోలోకు మాత్రము 4 స్టార్లు వచ్చెను.

తరువాత 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ 5 స్టార్లు పొందెను. 2024 నవంబరులో మారుతి డిజైర్ కూడ పెద్దల రక్షణలో 5 పొందెను. ఇచ్చట రెండు రాళ్లును బయటపడెను. టాటా పక్షమువారిలో కొందరు నెక్సాన్ పరీక్షను సత్యమని చాటి, నానో సున్నను మరచి, అదే సంస్థ డిజైరుకిచ్చిన ఫలితమును శంకించిరి. మారుతి పక్షమువారిలో కొందరు "స్టార్లతో పనేమి, మైలేజీ చాలును" అనుచుండి, తమకు 5 రాగానే వాటినే చూపి అతిశయపడిరి.

3. మేము చేసిన తప్పు

మేమును నిర్దోషులము కాము. మా సంఘములోని ఒక కుటుంబము పాత కారు కొనగోరి మా సలహా అడిగెను. మేము మా బండి కంపెనీని పొగడితిమి. మా బ్రేకులు రెండుసార్లు షెడ్డుకు వెళ్లిన సంగతి చెప్పలేదు. ఇంకొక కంపెనీని గూర్చి ఎవరో చెప్పిన నిందను మాత్రము మరువక చెప్పితిమి. వారు మా మాట నమ్మి కొనిరి. ఒక సాయంకాలము పిల్లలతో వచ్చుచుండగా చెరువు గట్టు మీద బ్రేకు పట్టలేదు. బండి తుమ్మ చెట్టును ఆనుకొని ఆగెను. ఎవరికిని గాయము కాలేదు. మరునాడు ఆ ఇంటి యజమానుడు, "అయ్యగారూ, మీ బండికి ఎప్పుడైనా ఇట్లా అయిందా?" అని అడిగెను. "రెండుసార్లు" అంటిమి. ఆయన మరేమియు అనలేదు. ఆ మౌనము మాకు నేటికిని పాఠముగా నున్నది.

4. ఒక్క రాయితో తూచుట

మొదటిది, తీర్పు చెప్పకముందు కంపెనీ పేరు మార్చి చూడుడి. అప్పుడును అదే మాట చెప్పగలరా? రెండవది, సలహా అడిగినవారికి మన బండి లోపమును ముందుగా చెప్పవలెను. మూడవది, స్టార్లు కంపెనీ పేరునకు వచ్చునవి కావు. పరీక్షించిన ఆ మోడలుకే వచ్చును. పరీక్షలోని బొమ్మలకు సీటు బెల్టు కట్టుదురు. బెల్టు కట్టనివాడు ఆ స్టార్లను నమ్ముకొనరాదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మనవారిలో క్షమించి, పొరుగువారిలో క్షమింపని తప్పు ఏది?
2. మన మాట నమ్మి నష్టపోయినవారు ఎవరైన ఉన్నారా? వారితో నిజము చెప్పితిమా?