పాటిమన్నులోని పశువుల ఎముకలు: వర్గీకరణ, విశ్లేషణ

పూర్వం ఊరు వెలసి పాడుబడిన దిబ్బను రైతులు పాటిదిబ్బ అంటారు. వేసవిలో ఆ మట్టిని తోలి చేలకు వేయడం పాత అలవాటు. పేడ, బూడిద, ఎముకలు కలిసిన ఆ మట్టిలో భాస్వరం అధికం గనుక ఈ అలవాటు శాస్త్రసమ్మతమే. అయితే ఆ దిబ్బ నవీన శిలాయుగానిదైతే, దానితోపాటు క్రీ.పూ. 3000–1200 నాటి పశుపోషణకు మిగిలిన ఏకైక లెక్కల పుస్తకం కూడా చేనిపాలవుతుంది.

కడప జిల్లాలో ఈ లెక్కను చదివిన ప్రయత్నం లేకపోలేదు. జమ్మలమడుగు ప్రాంతపు పెద్దముడియం వంటి గ్రామస్థలాలను పి.సి. వెంకటసుబ్బయ్య పరిశోధించారు. మధ్య పెన్నా పరీవాహకంలోని నవీన శిలాయుగపు జంతు అవశేషాలపై ఆయన, ఎస్.జె. పావంకర్, పి.పి. జోగ్లేకర్ కలిసి రాసిన వ్యాసం 1992లో వెలువడింది.

ఎముకను వర్గీకరించే ముందు అది పడి ఉన్న నేలను చదవాలి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడిలో సున్నం ఉండటం వల్ల ఎముక కొంతవరకు నిలుస్తుంది. కానీ వేసవిలో లోతుగా విచ్చే నెర్రెలలోకి పైపొర ముక్కలు జారిపోతాయి. వానకు నెర్రె మూసుకున్నాక ఆ జాడ కనిపించదు. పులివెందుల వైపు ఎర్రనేలల్లో నెర్రెల బెడద తక్కువ. ఆమ్లత్వం ఉన్నచోట మాత్రం ఎముక క్షీణించి, గట్టి పింగాణీ పొర గల పన్నే మిగులుతుంది. కనుక ప్రతి ముక్కతోపాటు గుంట, పొర, లోతు, మట్టి స్వభావం నమోదు కావాలి. జల్లెడ పట్టని మట్టిలో మేక, కోడి ఎముకలు చేజారి, ఊరంతా ఆవులనే పెంచిందన్న భ్రమ కలుగుతుంది.

లెక్కలోనూ మోసం ఉంది. ఒక గుంటలో ఆవు ముక్కలు 20, మేక ముక్కలు 7 దొరికాయనుకుందాం. ఆ 20 ఒకే ఆవువి కావచ్చు. మేకవి మాత్రం భుజాస్థి కింది కొసలు: ఎడమవి 4, కుడివి 3. అంటే కనీసం నాలుగు మేకలు. ముక్కల సంఖ్య, కనీస పశువుల సంఖ్య రెండూ పక్కపక్కన చూపని పట్టికను నమ్మరాదు.

అసలు విషయం వయస్సులో ఉంది. ఆవు భుజాస్థి కింది కొస సుమారు ఏడాది, ఏడాదిన్నరకు కాండానికి అతుక్కుంటుంది. రత్ని కింది కొసకు మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. మొదటిది అతికి, రెండవది అతకని ఎముకలు ఎక్కువగా ఉంటే పశువులను ప్రధానంగా మాంసానికే పెంచారనవచ్చు. ముసలి పశువులు అధికమైతే పాడి, బరువు మోత, సేద్యం ఆలోచించవలసి వస్తుంది. ఉలవలు, అండుకొర్రలు పండించిన ఆ కాలపు దక్షిణాది గ్రామాలలో ఎద్దు దున్నిందా లేదా అన్న ప్రశ్నకు కాలి కీళ్ల అరుగుదల ఒక ఆధారం, అయితే అదొక్కటే చాలదు.

గొర్రెను మేక నుండి, ఆవును గేదె నుండి వేరుచేయడం నిపుణులకూ కష్టమే. పోలికకు స్థానిక జాతుల అస్థిపంజరాలు కావాలి. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల వంటిది అందుకు సహజమైన చోటు. జాతి తేలని ముక్కను ‘గొర్రె లేదా మేక’ అనే గడిలోనే ఉంచాలి, ఊహతో నింపరాదు.

పాటిమన్ను తవ్వుతున్నప్పుడు దవడ గాని, పళ్ల వరుస గాని బయటపడితే, దానిని కడగకుండా, చుట్టూ ఉన్న పిడికెడు మట్టితో సహా విడి సంచిలో వేసి, లోతు రాసి పెట్టాలి.