ద్రాక్షారిష్టం పాతబడితే మేలా?

పాత ద్రాక్షారిష్టం వాడవచ్చునా అని వరంగల్ గృహిణులు నన్ను తరచు అడుగుతుంటారు. చూర్ణాలు 2 నెలలకే వీర్యం కోల్పోతాయనీ, ఆసవారిష్టాలు మాత్రం పాతబడినకొద్దీ గుణవంతాలవుతాయనీ శార్ఙ్గధరుని మతం. ద్రాక్షరసంలోని తీపి పులిసి, అందులో తానుగా పుట్టిన మద్యసారమే ఔషధాన్ని కాపాడుతుంది. నిలువలో ఘాటు తగ్గి రుచి మృదువవుతుంది. అయితే ఇది మూత బిగిసిన సీసా మాట. గాలి సోకితే ఆ మద్యసారమే ఆమ్లంగా మారుతుంది. దానినే శాస్త్రం శుక్తమన్నది. విదేశీ ద్రాక్షమద్యం గతీ అంతే! 40 డిగ్రీలు దాటే మన ఓరుగల్లు వేసవిలో సీసాను పొయ్యి పక్కనగాని, ఎండ తగిలే కిటికీలోగాని ఉంచరాదు. అడుగున కొద్దిపాటి మడ్డి సహజమే, దానికై పారబోయనక్కరలేదు. బూజు పట్టినా, సిరకా వాసన వచ్చినా, సీసాపై ముద్రించిన గడువు దాటినా ఎవరికీ ఇవ్వకండి.