గ్యాస్ నింపినా నిలవని కారు ఏసీ

ప్రశ్న: వేసవి మొదట్లో కారు ఏసీకి గ్యాస్ నింపించాను. మూడు వారాలకే మళ్లీ వేడిగాలి. ఇంకోసారి నింపించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మడికొండ

జవాబు: ఇప్పుడే నింపించకండి. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. ఇంత త్వరగా తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే.

బానెట్ ఎత్తి టార్చి వేసి చూడండి. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి లీకున్నచోట జిడ్డు, దానిమీద దుమ్ము అట్టకట్టి ఉంటాయి. హైదరాబాద్ హైవే మీద ఎక్కువగా తిరిగే బండైతే నా మొదటి అనుమానం రేడియేటర్ ముందుండే కండెన్సర్ మీదే. లారీ టైర్లు ఎగజిమ్మే కంకర నేరుగా దానికే తగులుతుంది. గ్యాస్ ఎక్కించే వాల్వుల మీద సబ్బునురగ రాయండి. బుడగలొస్తే లోపలి పిన్ను మారిస్తే చాలు, పెద్ద ఖర్చుండదు.

బయట ఏమీ దొరక్కపోతే నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్ అడగండి. డాష్‌బోర్డు వెనకుండే ఎవాపరేటర్ లీకు కంటికి కనిపించదు. బండి కింద కారే నీళ్లు మాత్రం లీకు కాదు, భయపడొద్దు.

లీకు మూసే మందులు పోయించకండి, అవి లోపలి సన్నటి దారులను పూడ్చేస్తాయి. రిపేరయ్యేదాకా ఏసీ వేయకండి. గ్యాస్ తగ్గితే ఆయిల్ సరిగా తిరగక కంప్రెసరే పట్టేస్తుంది. పైగా చాలా కార్లలో ఉండే ఆర్-134ఎ వాయువు బొగ్గుపులుసు వాయువుకన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది, దాన్ని ఊరికే గాల్లోకి వదలడం తప్పు.

రిపేరయ్యాక వాక్యూమ్ పెట్టించి, బానెట్ కింది స్టిక్కర్‌పై ఉన్నన్ని గ్రాములే తూకం వేసి ఎక్కించమనండి.