వేళకాని వేళ వైద్యము

హైదరాబాదు నగరమున మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందలి కంప్యూటరు సంస్థలలో, అమెరికా దేశపు పగటివేళకు అనుగుణముగా రాత్రులు పనిచేయువారు అనేకులు కలరు. రోగము మాత్రము గడియారము చూచి రాదు.

జలుబు, కొద్దిపాటి జ్వరము వంటివానికి పగటివేళ బస్తీ దవాఖానాకు గాని, కొండాపూరు ప్రభుత్వాసుపత్రికి గాని పోవచ్చును. బస్తీ దవాఖానాలు నగరమున 2018లో మొదలైనవి.

గుండెనొప్పి, పక్షవాతము, ప్రమాదము సంభవించినచో తెల్లవారువరకు వేచియుండరాదు. రక్తమందని ప్రతి నిమిషమును గుండె కండరము నశించుచుండును. వెంటనే 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న ఆరంభమైన ఈ సేవ రేయింబవళ్లు ఉచితముగా లభించును. రోగి స్థితిని, ఉన్న చోటును, సమీపమందలి గుర్తును నిదానముగా చెప్పవలెను. ఒకరు వాకిట నిలిచి దారి చూపవలెను.

చిన్న జబ్బునకు 108ని పిలిచినవాడు, ప్రాణాపాయముననున్న మరియొకనికి బండి దక్కకుండ చేసినవాడగును.